మఖ కార్తెలో పగటి చీకటి



మఖ కార్తె వచ్చినది. కాలువ నీళ్లు అందిన చేలు పచ్చబడినవి. ఆలస్యముగా నీరు వచ్చిన చివరి భూములలో ఇంకను నాట్లు సాగుచున్నవి. మఖయు పుబ్బయు వట్టిపోయినచో మహా కరువు తప్పదని పెద్దలు చెప్పుకొనుచు వచ్చిన మాట గుడివాడ మొదలు దివిసీమ వరకు ఎరుగని రైతు లేడు. అయితే మఖ పేరు దినమునకు పదిసార్లు పలుకు మనలో ఎందరు ఆ మఖ నక్షత్రమును కన్నులార చూచియున్నారు?

మఖ కార్తెలో మాత్రము ఎవరును దానిని చూడలేరు. ఏలయనగా కార్తె అనునది సూర్యుడు ఆ నక్షత్రము కడ నుండు కాలము. సూర్యుడు ఏడాదికి ఒకమారు 27 నక్షత్రముల మీదుగా తిరిగి వచ్చునట్లు మనకు కనబడును గనుక ఒక్కొక్క దాని కడ 13 లేక 14 దినములు గడపును. ఆ దినములలో ఆ నక్షత్రము సూర్యునితో కూడ ఉదయించి సూర్యునితో కూడ అస్తమించును. పగలంతయు మన నెత్తి మీదనే ఉన్నను ఆ వెలుగులో మునిగిపోయి యుండును. కావున ఏ కార్తె నడుచుచున్నదో ఆ నక్షత్రమే మనకు మరుగు. ఇది కొంచెము విచిత్రముగా తోచును గాని కార్తెల లెక్క కట్టిన మన పూర్వులకు ఇది బాగుగా తెలియును. కంటికి కనబడని నక్షత్రమునకు వారు పేరు పెట్టి, దానిని బట్టి విత్తనము చల్లిరి.

అయినను ఒకసారి మన తీరముననే, సరిగా మఖ కార్తెలోనే, పట్టపగలు సూర్యుని ప్రక్కన ఆ నక్షత్రమునకు మరుగు తొలగినది. అది 1868 ఆగస్టు 18వ తేదీ, మంగళవారము, విభవ సంవత్సర శ్రావణ అమావాస్య. ఆ ఉదయము తొమ్మిది గంటల ప్రాంతమున సంపూర్ణ సూర్యగ్రహణము కృష్ణా మండలము మీదుగా నడిచినది. చంద్రుని నీడ పడమటి తీరమున మన దేశము ప్రవేశించి, జంఖండి, వనపర్తి, గుంటూరుల మీదుగా వచ్చి, బందరు దగ్గర సముద్రములో దిగినది. గుడివాడయు, అవనిగడ్డయు, బందరు ప్రక్కనున్న మన చిలకలపూడియు ఆ నీడ లోపలనే యున్నవి. ఐదు నిమిషములకు పైగా సూర్యుడు లేడు. సంపూర్ణ గ్రహణములు సామాన్యముగా రెండు మూడు నిమిషములలో తీరిపోవును గనుక ఇది మిక్కిలి దీర్ఘమైనది.

ఆనాటి బందరు ఎట్టిదో ఒకసారి తలంచుకొనుడి. నాలుగేండ్లు నిండకముందే, 1864 నవంబరు 1వ తేదీ రాత్రి, సముద్రము లేచి ఆ ఊరి మీదికి వచ్చినది. ఆ ఉప్పెనలో సుమారు 30,000 మంది నశించిరని లెక్క. దివిసీమలో 1977 నవంబరు 19వ తేదీ చూచినవారికి దీనిని వివరింప నక్కరలేదు. 1843లో బందరులో పాఠశాల స్థాపించిన నోబుల్ దొరగారు ఆ ఉప్పెనను చూచి, మరుసటి సంవత్సరమే, అనగా 1865లో, గతించిరి. తమవారిని పోగొట్టుకొని మిగిలినవారి ఊరది. అట్టి ఊరిలో, మబ్బు లేకుండ గాలి లేకుండ, పగలు చీకటియై కాకులు గూళ్లకు మరలుచుండగా, శాస్త్రమెరుగనివానికి గుండె జల్లుమనుటలో తప్పేమియు లేదు. గ్రహణము పట్టినప్పుడు పళ్లెములో నీళ్లు పోసి రోకలి నిలబెట్టు ఇండ్లు ఇప్పటికిని ఉన్నవి. అవి 1868లో ఎన్ని యుండెనో ఊహించుకొనవచ్చును.

ఆ ఐదు నిమిషముల కొరకే దూరదేశములనుండి మనుష్యులు వచ్చిరి. గుంటూరులో ఇద్దరు దిగిరి: ఒకరు ఆంగ్ల సైన్యాధికారియగు టెన్నెంట్, మరియొకరు ఫ్రెంచి పండితుడైన జాన్సెన్. జంఖండిలో హెర్షెల్ అను అధికారి యుండెను. ఆయన పేరుగల గొప్ప జ్యోతిశ్శాస్త్రజ్ఞుల వంశమువాడే. మద్రాసు వేధశాల రెండు బృందములను పంపినది. వనపర్తి సంస్థానమునకు చింతామణి రఘునాథాచారిగారు వెళ్లిరి. బందరునకు వేధశాల పెద్దయైన నార్మన్ పొగ్సన్ తానే వచ్చెను.

ఈ పొగ్సన్‌ను గూర్చి కొంచెము చెప్పవలెను. నక్షత్రములలో మొదటి తరగతి, రెండవ తరగతి అని వెలుగును బట్టి ఎంచు పద్ధతి గ్రీకుల నాటిది. మొదటి తరగతి నక్షత్రము ఆరవ తరగతి దానికంటె సరిగా 100 రెట్లు కాంతిగలదిగా లెక్కింపవలెనని 1856లో సూచించినది పొగ్సనే. నేడు లోకమందలి వేధశాలలన్నియు ఆ కొలతనే వాడుచున్నవి. ఆయన 1861లో మద్రాసు వచ్చి, ఆ యేటనే ఒక చిన్న గ్రహమును కనుగొని, ఈ ఖండమున కనుగొనబడినది గనుక దానికి ఆసియా అని పేరిడెను. 1891లో మరణించువరకు, అనగా 30 సంవత్సరములు, మద్రాసు విడువలేదు. చాలని జీతము, చాలని మనుష్యులు, మేఘములతో నిండిన ఆకాశము. ఇంగ్లండులోని పెద్దలతో ఆయనకు సరిపడలేదు. చూచినది పుస్తకములలో వ్రాసియుంచుటలో చూపిన శ్రద్ధ దానిని నలుగురికి తెలియజేయుటలో చూపలేదని నాకు తోచుచున్నది.

వారందరు చూడదలచినదేమి? సూర్యుడు పూర్తిగా కప్పబడినప్పుడు నల్లని బింబము అంచున ఎర్రని మంటలవంటివి కనబడునని అంతకుముందు గ్రహణములలో తెలిసినది. అవి సూర్యునివా, చంద్రునివా అను వాదమును 1860 నాటి గ్రహణము తీర్చినది. అవి సూర్యునివే. అయితే అవి దేనితో చేయబడినవి? తొమ్మిది కోట్ల మైళ్ల దూరముననున్న మంటను ముట్టి చూడగలవాడెవడు?

దీనికి వారు తెచ్చిన సాధనము స్పెక్ట్రోస్కోపు. దాని మర్మము మన వంటింటిలోనే యున్నది. దిష్టి తీసిన ఉప్పు పొయ్యిలో వేసినప్పుడు మంట ఒక్కసారి పసుపుపచ్చగా లేచుట మీరు చూచియుందురు. ఉప్పులో సోడియము అను ధాతువున్నది. అది వేడెక్కినప్పుడు ఎల్లప్పుడు ఆ పసుపునే ఇచ్చును, మరియొక రంగు నీయదు. ఆ మంట వెలుగును సన్నని సందు గుండ మూడంచుల గాజుబిళ్లలోనికి పంపినచో ఇంద్రధనుస్సువలె పట్టీ రాదు. చీకటిలో రెండు పసుపు గీతలు మాత్రము, ఒకదాని నొకటి ఆనుకొని, వచ్చును. హైడ్రోజను అను వాయువునకు వేరు గీతలు, ఇనుమునకు వేరు గీతలు. కంసాలి గీటురాయి మీద నగను గీచి, ఆ గీటును చూచి, ఇది మేలిమి, ఇది కాదు అని చెప్పును గదా! ఇదియు ఒక విధమైన గీటురాయియే. భేదమేమనగా, దీనికి వస్తువు చేతికి రానక్కరలేదు, దాని వెలుగు వచ్చిన చాలును.

ఆ ఉదయము గుంటూరులోను బందరులోను ఆ ఎర్రని మంటల వెలుగు గాజుబిళ్లలోనికి పోయినప్పుడు పట్టీ రాలేదు, గీతలు వచ్చినవి. అనగా అవి గట్టి పదార్థము కాదు, కాగిన వాయువు. ఎర్రగీతయు నీలిగీతయు హైడ్రోజనువి. ఆ ప్రశ్నకు ఐదు నిమిషములలో ఉత్తరము వచ్చినది.

గుంటూరులో జాన్సెన్ గీతలు ఎంతో కాంతిగా నుండుట చూచి, గ్రహణము లేకుండగనే వీనిని చూడవచ్చునేమో అనుకొనెను. మరునాడు, ఆగస్టు 19వ తేదీ, మామూలు పగటి వెలుగులో సూర్యుని అంచునకు తన సాధనమును త్రిప్పగా ఆ గీతలు కనబడినవి. ఆయన సెప్టెంబరు 19న కాకినాడనుండి పారిసు పండిత సభకు ఉత్తరము వ్రాసెను. ఆ ఉత్తరము ఓడమీద పోవుచుండగా ఇంగ్లండులో లాకియర్ అనునతడు, భారతదేశమునకు రాకయే, అక్టోబరు 20న అదే పద్ధతిని స్వయముగా కనుగొనెను. ఇద్దరి వర్తమానములును కొద్ది నిమిషముల తేడాలో ఒకే సభకు చేరినవి. ఫ్రెంచి ప్రభుత్వము తరువాత ఇద్దరి ముఖములతో ఒక పతకము వేయించినది.

ఇక మన బందరు సంగతి. ఎర్రగీత, నీలిగీతలతో పాటు ఒక పసుపు గీతయు ఆ మంటలలో కనబడినది. గ్రహణమును చూచినవారు పలువురు దానిని చూచి, ఇది సోడియమే, అనగా మన ఉప్పు పసుపే, అని వ్రాసికొనిరి. పొగ్సన్ బందరులో చూచి, అది సోడియము గీత దగ్గరనున్నదన్నంత వరకే వ్రాసెను గాని దానితో కలిసిపోయినదని నిశ్చయముగా చెప్పలేదు. సోడియము గీతలు నేటి కొలతలో 589.0, 589.6 నానోమీటర్లు, ఈ క్రొత్త గీత 587.6. నానోమీటరనగా మీటరులో నూరు కోట్లవ వంతు. ఐదు నిమిషముల తొందరలో, చీకటిలో, ఒక కంటితో చూచుచు, ఈ భేదమును పసిగట్టి తెగించి నిర్ణయము చేయక సందేహమును సందేహముగానే వ్రాయుట చిన్న విషయము కాదు. చిలకలపూడి రోల్డుగోల్డు నగ చేతబట్టినవాడు దాని పసుపును చూచి తొందరపడి బంగారమనడు. కంటికి ఒకటిగా కనబడు రెండు పసుపులు ఈ లోకములో ఉండునని మన ఊరివారికి ఎవరును నేర్పనక్కరలేదు.

పొగ్సన్ నివేదిక మద్రాసు ప్రభుత్వమునకు చేరి అచ్చయినది గాని ఐరోపాలో చదివినవారు కొద్దిమంది. అక్టోబరు నెలలో లాకియర్ తీరికగా కొలిచి, ఈ పసుపు సోడియమునది కాదని తేల్చెను. భూమి మీద ఏ పదార్థమును ఆ గీతను ఇచ్చుట లేదు గనుక, సూర్యునికి గ్రీకు భాషలో నున్న పేరును బట్టి దానికి హీలియమని పేరు వచ్చినది. పలువురు పండితులు నమ్మలేదు. 27 సంవత్సరములు అది సూర్యునిలో మాత్రమే ఉన్న పదార్థముగా నుండిపోయినది. 1895లో లండనులో రామ్సే ఒక రాతి ఖనిజమునుండి వచ్చిన వాయువులో అదే గీతను చూచెను. నేడు ఆసుపత్రులలో ఎమ్మారై యంత్రములలోని అయస్కాంతమును చల్లబరచునది ఆ హీలియమే. సూర్యుని బరువులో సుమారు నాలుగవ వంతు అదే.

గుంటూరులో జాన్సెన్ హీలియమును కనుగొనెనని పాఠపుస్తకములలో వ్రాయుచున్నారు. అది సరియైన మాట కాదని నా అభిప్రాయము. క్రొత్త పదార్థమని ఆ దినమున గుంటూరులో ఎవరును ప్రకటింపలేదు. జాన్సెన్ ఘనత వేరు: గ్రహణము లేకుండ సూర్యుని మంటలను చూచు దారి. క్రొత్త పసుపును వేరుపరచిన ఘనత లాకియర్‌ది. దానికి ముందు దినములలో దానిని జాగ్రత్తగా వ్రాసియుంచినవారిలో బందరు మనిషి ఒకడున్నాడు. ఆయన పేరు ఆ పుస్తకములలో సామాన్యముగా కనబడదు.

మరుగునపడిన పేరు ఇంకొకటియు నున్నది. వనపర్తికి వెళ్లిన రఘునాథాచారిగారు పంచాంగములు గుణించు కుటుంబములో పుట్టి, చిన్నతనముననే మద్రాసు వేధశాలలో కొలువునకు చేరినవారు. గ్రహణమునకు ముందటి యేడు, 1867లో, కాంతి హెచ్చుచు తగ్గుచునుండు నక్షత్రము నొకదానిని ఆయన కనుగొనిరి. 1872లో లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో సభ్యులైరి. గ్రహములు ఆకాశమున నిజముగా కనబడు చోటును బట్టియే పంచాంగము గుణింపవలెనని వాదించి అట్టి పంచాంగమును ప్రకటించిరి. 1874లో శుక్రుడు సూర్యబింబము మీదుగా నడచు సమయమునకు ముందు, సామాన్య జనులు భయపడక చూడవలెనని దేశభాషలలో చిన్న పుస్తకమును వేయించిరి. 1880లో మరణించిరి. గ్రహణమును చూచుటకు దొరలే రావలెనని ఎవరైన అనినప్పుడు ఈ పేరు చెప్పుడి.

మన తీరము దాటిన నీడ బంగాళాఖాతము మీదుగా సయాము దేశమునకు పోయినది. అచ్చటి రాజైన మోంగ్‌కుట్ ఈ గ్రహణము ఏ చోట ఎప్పుడు సంపూర్ణమగునో తానే లెక్కించి, వాకో అను తీరప్రదేశమున విడిది చేసి, విదేశీయులను కూడ పిలిపించెను. లెక్క తప్పలేదు. అయితే ఆ చిత్తడి నేలలో మలేరియా తగిలి 1868 అక్టోబరు 1న ఆయన కన్నుమూసెను.

ఇక మొదటి మాటకు వత్తము. ఆ ఐదు నిమిషములలో బందరు ఆకాశమున ఏ నక్షత్రము లుండెను? భూమి సూర్యుని చుట్టును తిరుగుచున్నది గనుక, ఆగస్టులో పగలు తొమ్మిదికి మన మీదనుండు ఆకాశమే ఆరు నెలల తరువాత ఫిబ్రవరిలో రాత్రి తొమ్మిదికి మనకు కనబడును. అనగా ఆ శ్రావణ ఉదయమున బందరు మీద మాఘమాసపు రాత్రి పరచబడి యుండెను. తూర్పున సగము ఎత్తున నల్లని సూర్యుడు. దాని దగ్గరనే, సూర్యబింబములు ఐదారు వరుసగా పేర్చినంత దూరములో, మొదటి తరగతి నక్షత్రమైన మఖ. దక్షిణముగా లుబ్ధకుడు, పడమటివైపున మృగశిర. దాదాపు నడినెత్తిన శుక్రుడు. ఆ నెలలో శుక్రుడు వేగుచుక్కగా నుండి, తన వెలుగు మిక్కిలి హెచ్చిన దినములలో నుండెను.

మీరిప్పుడు మఖను చూడలేరు. అయినను వాన వెలిసి మబ్బు విడిన రాత్రి, ఎనిమిది గంటలకు, మేడమీదనైనను చేనిగట్టు మీదనైనను నిలిచి చూడదగినవి చాలనున్నవి. దక్షిణమున కొంచెము పడమటగా ఎర్రగా మెరయునది జ్యేష్ఠ. దాని ముందు అడ్డముగా నున్న మూడు అనూరాధ, క్రింద కొక్కెమువలె వంగినది మూల. అది మొత్తము తేలు ఆకారము. ఆ తోకనుండి పాలపుంత పైకి లేచి నడినెత్తి మీదుగా ఈశాన్యమునకు పోవును. పాలపుంతకు ఈవల తూర్పుగా నున్నది శ్రవణము. దానికి ఇరుప్రక్కల రెండు చిన్న చుక్కలు తోడుండును. ఆవల ఉత్తరముగా తెల్లగా దానికంటె కాంతితో నున్నది అభిజిత్తు. పడమట పసుపు ఎరుపు కలిసిన రంగుతో స్వాతి. దానికి దిగువ, త్వరగా క్రుంకిపోవునది చిత్త. ఉత్తరమున ధ్రువుడు మనకు క్రిందుగానే యుండును, పదహారు అంశల ఎత్తు మాత్రమే. కొబ్బరిచెట్లు అడ్డమైన చోట కనబడడు.

ఈ నక్షత్రముల నడుమ మినుకు మినుకుమనక నిలకడగా వెలుగునది కనబడినచో అది గ్రహము. దానిని ఒక నెల కనిపెట్టి యుండుడి, చుట్టునున్న చుక్కలను విడిచి జరిగియుండును. గురుడు ఒక్కొక్క రాశిలో ఇంచుమించు ఏడాది గడపి 12 యేండ్లకు చుట్టివచ్చును. కృష్ణా పుష్కరములు 2004లోను 2016లోను వచ్చుట ఆ లెక్క మీదనే. శని నడక ఇంకను మెల్లనిది. ఒక చుట్టునకు 29 సంవత్సరములకు పైబడును.

ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. సంపూర్ణ గ్రహణము తప్ప, కొంతమాత్రము మిగిలిన సూర్యుని ఉత్త కంటితోగాని, మసిపట్టిన గాజుతోగాని, నీళ్లలోగాని చూడరాదు. కంటికి నొప్పి తెలియకుండగనే చూపు పోవును. దానికి తగిన కళ్లద్దములున్నవి, వానితోనే చూడవలెను. 1980 ఫిబ్రవరి 16న హైదరాబాదునకు దక్షిణాన సంపూర్ణ గ్రహణము పట్టినప్పుడు జపాల-రంగాపూరు వేధశాలలో పండితులు కూడి చూచిరి. ఆ మధ్యాహ్నము మన పట్టణముల వీధులు మాత్రము శూన్యముగా నుండెను. తలుపులు బిగించుకొని లోపల కూర్చున్న పిల్లలు నేడు మీలో పెద్దలై యున్నారు.

సెప్టెంబరు నెల సగము దాటిన తరువాత, తెల్లవారుజామున ఐదు గంటలకు ముందు లేచి తూర్పు చూడుడి. సూర్యుడు పుబ్బ దాటి ఉత్తర కార్తెకు పోవుచుండగా మఖ అతని వెలుగులోనుండి బయటపడి, చేల మీద తక్కువ ఎత్తున కనబడును. అటుపిమ్మట దినదినము ముందుగా ఉదయించుచు, మాఘమాసమునకు సందెవేళకే తూర్పున లేచును. ఆ మాసపు పున్నమి చంద్రుడు దాని దగ్గరనే నిలుచును. మాఘమను పేరు వచ్చినది అందుచేతనే. ఆ నక్షత్రము మనకు సుమారు 79 కాంతి సంవత్సరముల దూరములో నున్నది. ఈ ఫిబ్రవరిలో మీ కంటికి అందు వెలుగు, మనకు స్వాతంత్ర్యము వచ్చిన కాలమున అచ్చటనుండి బయలుదేరినది. రాత్రి తొమ్మిది గంటలకు చిలకలపూడిలో నిలిచి తూర్పున సగమెత్తున దానిని గుర్తుపట్టుడి. 1868లో నల్లని సూర్యుడు నిలిచినది ఆ చోటనే, దానికి కొంచెము పైగా.